హోంవర్క్ షీటులో ఆ చిన్న లెక్కలు ఎందుకంటే...

తల్లిదండ్రులకు నమస్కారం.

ఆరో తరగతి గుణకారాల షీటు చూసి కొందరు డైరీలో రాసి పంపారు: ‘347ని 58తో గుణించమన్న చోటే ఆరు నాలుగులెంత అని అడగడమేంటండీ, మా వాడు మూడో తరగతిలోనే చదివేశాడు కదా!’ పొరపాటున పడలేదండీ, కావాలనే పెట్టించాం. ప్రతి మూడు పెద్ద లెక్కల తర్వాత ఒక ఎక్కం లెక్క వస్తుంది.

ఇది మా సొంత తెలివేమీ కాదు. అమెరికాలో కేట్స్, స్కిన్నర్ అనే పరిశోధకులు లెక్కల్లో వెనకబడ్డ విద్యార్థులకు రెండు రకాల షీట్లిచ్చి చూశారు. 2000లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఒక షీటులో 15 పెద్ద గుణకారాలు. రెండోదానిలో మధ్యమధ్య ఎక్కం లెక్కలు, పైగా కొన్నిసార్లు పెద్దవి కూడా 20 శాతం, 40 శాతం ఎక్కువ. హోంవర్క్‌కి ఏది కావాలంటే ఎక్కువమంది ఆ పొడుగు షీటునే కోరుకున్నారు!

347×58 చేసేటప్పుడు పిల్లవాడి పక్కన కూర్చుని చూడండి. ముందు 2776, కింద 17350, మిగులు అంకెలు గుర్తుపెట్టుకుంటూ కూడితే 20126. అంత తంటాలు పడితే అయ్యేది ఒక్క లెక్క. ఆరు నాలుగులు ఇరవై నాలుగు అన్నా ఒక లెక్క అయినట్టే. ఎన్ని పూర్తయితే అంత ముందుకెళ్లామనే హుషారు వస్తుందని, అందుకే షీటు అంత కష్టంగా అనిపించదని స్కిన్నర్ వివరణ. నాకూ అది సబబుగానే తోచింది.

అయితే గుణించే పద్ధతే రాని పిల్లలకు ఈ చిన్న లెక్కలు ఏమీ నేర్పవు. వాళ్లకు లెక్కల టీచరు విడిగా చెబుతున్నారు. పెద్ద లెక్కలు మాత్రం ఒక్కటీ తగ్గించలేదు, ఆ బెంగ వద్దు.

మీ నుంచి కావలసింది ఒకటే. కొందరు గడుగ్గాయిలు చిన్నవన్నీ ముందే చేసేసి, పెద్దవి నిద్ర ముంచుకొచ్చే వేళకి మిగుల్చుకుంటున్నారు. అప్పుడు మళ్లీ అదే టెన్షన్. వరుసలోనే చేయించండి. షీటు చివర ‘సులువు, పర్లేదు, కష్టం’ అని మూడు గడులున్నాయి. అక్కడ టిక్కు పిల్లలే పెట్టాలి. పోయినసారి కొన్నింటిలో ‘సులువు’ దగ్గర పెద్దవాళ్ల పెన్ను కనిపించింది!

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు