మిద్దె మీది దుమ్ములో లోహాల ఆచూకీ: కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, కడప

సభ్యులందరికీ నమస్కారం.

మన మిద్దెల మీద పడే దుమ్ములో సీసం, జింకు, క్రోమియం లాంటివి ఉంటే అవి ఎక్కడి నుంచి వస్తున్నాయి? ఈ ఏడు సంఘం పని చాలావరకు ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. ఈ నివేదికలో ఏ ఫ్యాక్టరీ పేరూ, ఏ అంగడి పేరూ లేదని ముందే చెబుతున్నాం. దుమ్ములో లోహం దొరకడం వేరు, అది ఫలానా చోటి నుంచే వచ్చిందని తేల్చడం వేరు.

జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో కడప ఉంది. ఆ పథకం ముఖ్యంగా చూసేది గాలిలో దుమ్ము బరువును. 2009 నాటి జాతీయ ప్రమాణాల్లో లోహాలకు సంబంధించి మూడే హద్దులున్నాయి. ఘనపు మీటరు గాలిలో ఏడాది సగటున సీసం 0.5 మైక్రోగ్రాములు, ఆర్సెనిక్ 6 నానోగ్రాములు, నికెల్ 20 నానోగ్రాములు దాటకూడదు. కాడ్మియం, క్రోమియం, మాంగనీసులకు హద్దే లేదు. పైగా ఊళ్లో ఒక చోట పెట్టిన యంత్రం ఏ వీధిలో ఎక్కువో చెప్పలేదు. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 2013లో చెట్ల మానుల మీది నాచును 346 చోట్ల సేకరించి పరీక్షించారు. కాడ్మియం ఎక్కువగా దొరికిన చోటు రంగు గాజు తయారీ దగ్గర తేలింది. ఆ గాజుకు ఎరుపు, పసుపు రంగులనిచ్చేది కాడ్మియమే. మన ఎండకు చెట్ల మీద నాచు నిలవదు కాబట్టి వేపాకును, మిద్దె మీద పడే దుమ్మును పట్టే బక్కెట్టును నమ్ముకున్నాం.

వేపకు ఉగాది నాటికి కొత్త చిగురు వస్తుంది. సంక్రాంతి తర్వాత, ఆకు రాలకముందు కోస్తే అన్ని చెట్ల ఆకుకూ దాదాపు ఒకే వయసు ఉంటుంది. రోడ్డుకు కనీసం 20 మీటర్ల ఎడంగా ఉన్న చెట్టును చూసుకుని, రెండు మీటర్ల పైఎత్తులో నాలుగు దిక్కుల నుంచీ కలిపి 100 గ్రాముల ముదురాకు కోయాలి. కడగకూడదు. కాగితం కవరులో వేసి 60 డిగ్రీల వేడిలో బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టాలి. పాదరసం కూడా చూడాలనుకుంటే 40 డిగ్రీలు దాటకూడదు.

మొదటి విడత మొత్తం పక్కన పెట్టాల్సి వచ్చింది. కొందరు స్టీలు కత్తెరతో కోశారు, ఎండిన ఆకును మిక్సీలో పొడి చేశారు. మిక్సీ బ్లేడు స్టెయిన్‌లెస్ స్టీలు, అంటే అందులో క్రోమియం, నికెల్ ఉంటాయి. మనం వెతికేవే అవి! ఇకపై ఆకును చేత్తో తుంచి, పింగాణీ కల్వంలో నూరాలి. పౌడరు పూసిన గ్లౌజులతో జింకు అంటే ప్రమాదం ఉంది, అవీ వద్దు.

బక్కెట్టు పద్ధతి చూడ్డానికి తేలిక, చెడగొట్టడం ఇంకా తేలిక. మూతి 25 సెంటీమీటర్లున్న తెల్ల ప్లాస్టిక్ బక్కెట్టు తీసుకుని, ఇనుప పిడి ఊడదీసి, మిద్దె నేల నుంచి నడుమెత్తు స్టాండు మీద 30 రోజులు ఉంచాలి. కిందే పెడితే చీపురు దుమ్మంతా అందులోకే పోతుంది. మన మిద్దెలకు పరిచింది నాపబండ, అంటే సున్నపురాయి. ఆ పొడి పడితే కాల్షియం పెరుగుతుంది, దాన్ని సిమెంటు దుమ్మని పొరబడతాం. బక్కెట్టు ఎండిపోతే పడిన దుమ్ము గాలికి మళ్లీ లేచిపోతుంది కాబట్టి అడుగున నీళ్లు ఆరకుండా చూడాలి. ఆ నీళ్లు బ్యాటరీ అంగడిలో విడిగా పోసే డిస్టిల్డ్ వాటర్ కాకూడదు. సీలు వేసిన క్యానే కొనాలి, అందులో ఒక సీసా విడిగా తీసి ల్యాబుకు పంపాలి. నాచు పట్టకుండా మైలుతుత్తం వేసే పద్ధతి ఉంది కానీ అది రాగి లవణం. రాగిని కొలవాలంటే వేయకూడదు. మూతి వైశాల్యం 0.049 చదరపు మీటర్లు. దొరికిన లోహాన్ని దానితోనూ, రోజులతోనూ భాగిస్తే రోజుకు చదరపు మీటరు మీద ఎంత పడిందో తేలుతుంది.

ఇక లెక్క. మన నేలలోనే ఇనుము, అల్యూమినియం దండిగా ఉన్నాయి. అందుకే సీసం ఎంతుందని కాక, అల్యూమినియంతో పోలిస్తే ఎంతుందని చూడాలి. ఫ్యాక్టరీలకు దూరంగా ఉన్న చేలో అడుగు లోతు మట్టి తీసి, అదే ల్యాబులో అదే యాసిడ్‌తో కరిగించి ఆ నిష్పత్తి కట్టాలి. దుమ్ములో నిష్పత్తి మట్టి నిష్పత్తికి పది రెట్లు కూడా లేకుంటే అది చాలావరకు మన నేల దుమ్మే. అంతకు మించితే జతలు చూడాలి. సీసంతో యాంటిమొనీ అనే లోహం కలిసి ఉంటే పాత బ్యాటరీ ప్లేట్లు కరిగించడం మీద అనుమానం. రాగితో యాంటిమొనీ ఉంటే బండ్ల బ్రేకులు. మాంగనీసు, ఇనుము, జింకు కలిసి ఉంటే తుక్కు కరిగించే కొలిమి. సీసం బరువు క్రోమియం బరువుకు సుమారు నాలుగు రెట్లుంటే కొలిమి కంటే ముందు పక్కనున్న పాత పసుపు గేటును చూడండి. లెడ్ క్రోమేట్ అనే పసుపు రంగులో ఈ రెంటి నిష్పత్తి సరిగ్గా అదే. బేరియాన్ని వేరే ఊళ్లలో బ్రేకులకు, టపాసులకు గుర్తుగా వాడతారు. బేరియం ఉండే మంగంపేట ముగ్గురాయి ఇంత దగ్గరలో ఉండగా ఇక్కడ ఆ గుర్తును నమ్మలేం.

జత సరిపోయినా దిక్కు, దూరం కుదరాలి. ఎత్తైన పొగగొట్టం నుంచి వచ్చేది దూరం పోయి, పలచబడి, ఊరంతటా ఇంచుమించు ఒకే తీరుగా పడుతుంది. రెండు మూడు వందల మీటర్లలోనే సగానికి పడిపోతే మూలం నేలమట్టాన, దగ్గర్లోనే ఉన్నట్టు. జూన్, జూలైల్లో పడమటి గాలికి ఒకసారి, డిసెంబరు, జనవరిలో ఈశాన్యపు గాలికి ఒకసారి అవే మిద్దెల మీద బక్కెట్లు పెట్టాలి. ఎక్కువ పడే పక్క గాలితో పాటు మారితేనే మూలం అక్కడుందని అనుకోవచ్చు. మారకుంటే ఆ మిద్దె మీదే ఏదో ఉంది. తుప్పు పట్టిన జింకు రేకు ఒక్కటి చాలు.

మురుగు కాలువల పూడికతీత, మొక్కలు నాటడం ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు వేరే కాగితంలో ఉన్నాయి.

బక్కెట్లు తీసుకున్న సభ్యులకు: దీపావళికి మూడు రోజుల ముందు మూత పెట్టి లోపలికి తీసుకోండి, మూడు రోజుల తర్వాత మళ్లీ పెట్టండి. మూత వేసిన రోజులు చీటీలో రాయండి, అవి 30 రోజుల లెక్కలోకి రావు. పక్షి రెట్ట పడితే కడగకండి, ఆ బక్కెట్టును అట్లాగే తెచ్చి ఇవ్వండి.