నోటిఫికేషన్ వార్త కింద సైట్ చిరునామా కూడా ఇవ్వండి

సంపాదకులకు,

ఉద్యోగ నోటిఫికేషన్ కోసం గూగుల్‌లో పరీక్ష పేరు ఒక్కటే కొడితే ముందు వచ్చేవి చాలాసార్లు ప్రకటనలు, కోచింగ్ సెంటర్ల పేజీలు. గడువు దగ్గరపడ్డ కంగారులో నకిలీ సైట్లకు ఫీజు కట్టే ప్రమాదం ఇక్కడే ఉంది.

పరీక్ష పేరు తర్వాత ఒక ఖాళీ వదిలి, ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో సైట్, దానికి ఆనించి కోలన్, కోలన్‌కు ఆనించి ఏపీ డాట్ జీవోవీ డాట్ ఇన్ అని (site:ap.gov.in) టైపు చేయండి. జీవోవీ డాట్ ఇన్ చిరునామా ప్రభుత్వ సంస్థలకే దక్కుతుంది కనుక ప్రైవేటు పేజీలు తప్పుకుంటాయి. కోలన్ పక్కన ఖాళీ పడిందా, వడపోత పనిచేయదు. కొన్ని ఫోన్ కీబోర్డులు ఆ ఖాళీని తామే పెట్టేస్తాయి. పైన ‘స్పాన్సర్డ్’ అని ఉన్నవి ఈ వడపోతకు లొంగకపోవచ్చు, వాటిని నొక్కవద్దు. తెలంగాణ ఈఏపీసెట్ సైట్ ఏసీ డాట్ ఇన్‌తో ముగుస్తుంది, దానికి జీవోవీ అని పెడితే దొరకదు. ఇదే పద్ధతిలో ఫైల్‌టైప్, కోలన్, పీడీఎఫ్ చేరిస్తే పీడీఎఫ్‌లే వస్తాయి.

పేర్ల మార్పునూ గుర్తుంచుకోవాలి. 2024లో తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ పొట్టిపేరు టీఎస్‌పీఎస్సీ కాస్తా టీజీపీఎస్సీ అయింది. పాత ప్రశ్నపత్రాలు కావాలంటే రెండు పేర్లూ రాసి, మధ్యలో ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో ‘ఆర్’ (OR, అంటే ‘లేదా’) పెట్టాలి. చిన్న అక్షరాల్లో రాస్తే అది మామూలు మాటే.

తెలుగులో వెతకడం ఇంకా కష్టం, దీని గురించి ఎవరూ చెప్పరు. కొటేషన్ గుర్తుల మధ్య ‘పంటల బీమా’ అని పెడితే ‘పంటల బీమాకు’, ‘పంటల బీమాపై’ అని రాసిన పేజీలు జారిపోవచ్చు, మన విభక్తులు మాటకే అతుక్కుంటాయి కదా. బీమా అని కొందరు, భీమా అని కొందరు రాస్తారు. పాసుపుస్తకం, పాస్ పుస్తకం, పాస్‌బుక్ మూడూ వాడుకలో ఉన్నాయి. అందుకే తెలుగు మాటలకు కొటేషన్లు తీసేసి, రూపాలు మార్చి రెండు మూడుసార్లు వెతకడం మేలు. యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షర సంకేతాలు) కాని అను ఫాంట్లలో కట్టిన పాత పీడీఎఫ్‌లయితే కంటికి తెలుగే, లోపల ఉన్నవి వేరే సంకేతాలు. ఒక వాక్యం కాపీ చేసి వేరేచోట అతికించండి. పిచ్చి అక్షరాలు వస్తే ఆ పత్రం తెలుగు మాటలతో దొరకదని అర్థం. అలాంటప్పుడు జీవో నంబరు, తేదీ, శాఖ ఇంగ్లిష్ పేరుతో ప్రయత్నించాలి.

నంబరును కొటేషన్లలో పెడితే అసలు పత్రం త్వరగా దొరికే అవకాశం ఎక్కువ. కాబట్టి నోటిఫికేషన్ వార్త వేసినప్పుడల్లా దాని నంబరు, తేదీ, పూర్తి సైట్ చిరునామా ఒక్క వరుసలో ముద్రించమని మా వినతి. ప్రభుత్వ శాఖలు కూడా స్కాన్ చేసిన కాగితాలకు బదులు యూనికోడ్ తెలుగులో తయారైన పీడీఎఫ్‌లనే సైట్లలో పెట్టాలి.

– ఒక గ్రంథాలయ ఉద్యోగి, తెనాలి