పద్దెనిమిదో మెట్టు

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. "ఏం రాస్తున్నావు?" అని నువ్వు చివర్లో అడిగిన ఒక్క ప్రశ్నకు జవాబు దొరక్క మూడుసార్లు కాగితం ముందేసుకొని మూడుసార్లూ లేచిపోయాను. రాస్తూనే ఉన్నాను. వారం వారం సీరియల్ భాగం పత్రికకు వెళ్తూనే ఉంది. కానీ నువ్వు అడిగింది దాని గురించి కాదని నాకు తెలుసు. ఇవాళ నా దగ్గర జవాబు ఉంది. కాస్త తీరిక చేసుకొని చదువు, ఇది పొడుగు ఉత్తరం.

ముందు బాధ సంగతి చెప్పేస్తాను. కిందటేడాది నవల అచ్చయి, ప్రతులు ఇంటికి వచ్చాయి. ఆ కట్ట విప్పకుండానే బల్ల కింద పెట్టేశాను. నాలుగు రోజులు అది అక్కడే ఉంది. నీకు గుర్తుందా, నా మొదటి కథ అచ్చయినప్పుడు పత్రిక పట్టుకొని నీ దగ్గరికి పరుగెత్తుకొచ్చాను. నా పేరున్న ఆ పేజీని మనిద్దరం ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూశామో! ఆ మనిషినే నేను. నాలుగు రోజులు కట్టు దారం తెంపలేదు. అయిదో రోజు ఊడుస్తుంటే కాలికి తగిలింది. అప్పుడు నిజంగా భయం వేసింది రా.

అలసట కాబోలు అనుకొని రెండు నెలలు కలం ముట్టలేదు. విశ్రాంతి దొరికింది గాని ఆనందం తిరిగి రాలేదు. ఆ తర్వాత నెపం గడువుల మీద వేశాను. అదీ కుదరక డబ్బు మీద వేశాను. రాతను వృత్తి చేసుకోవడమే పొరపాటేమో, ఏదైనా ఉద్యోగం చూసుకొని మళ్లీ ఆదివారం రచయితగా మారిపోదామా అని కూడా ఆలోచించాను. నీకు చెప్పలేదు, చెబితే కంగారు పడతావని.

గడువు మీద నేరం మోపడం అన్యాయమని నాకు తెలియజెప్పింది పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు నవలాకారుడు ఆంథొనీ ట్రోలప్. ఆయన తపాలా శాఖలో పని చేస్తూనే, తెల్లవారుజామున అయిదున్నరకు బల్ల దగ్గర కూర్చొనేవాడు. గడియారం ఎదురుగా పెట్టుకొని పావుగంటకు 250 మాటల లెక్కన రాసేవాడు. మొత్తం 47 నవలలు రాశాడు. ఆయన పోయాక 1883లో ఆత్మకథ వెలువడి ఈ లెక్క బయటపడేసరికి చాలామంది ముఖం చిట్లించారు, ఇది సాహిత్యమా గుమాస్తాగిరీనా అని. అదే పుస్తకంలో ఆయన, తన పాత్రలతో కలిసి బతికానని, వాళ్ల గొంతు తీరు, జుట్టు రంగు కూడా తనకు తెలుసునని రాసుకున్నాడు. గడియారం ఎదురుగా టిక్కుటిక్కుమంటున్నా ఆ మనుషులు ఆయన దగ్గరికి వచ్చారన్నమాట. మరి నా దగ్గరికి ఎందుకు రావడం లేదు?

ఇక్కడ ఒక ప్రయోగం సంగతి చెప్పాలి. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అచ్చువేసినది. బొమ్మలు వేయడమంటే ఇష్టపడే చిన్న పిల్లల్ని, మూడు నుంచి అయిదేళ్ల వయసు వాళ్లను, మూడు జట్లుగా విడదీశారు. మొదటి జట్టుకు, బొమ్మ వేస్తే రిబ్బను కట్టిన యోగ్యతాపత్రం ఇస్తామని ముందే చెప్పారు. రెండో జట్టుకు ఏమీ చెప్పకుండా, బొమ్మ వేశాక అదే పత్రం చేతిలో పెట్టారు. మూడో జట్టుకు ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత రంగు పెన్నులు తరగతిలో ఉంచి, ఎవరి ఇష్టానికి వాళ్లను వదిలి చూశారు. ముందే ఆశ చూపిన పిల్లలు బొమ్మల మీద గడిపిన సమయం మిగతా వాళ్లు గడిపిన దానిలో సుమారు సగమే.

దీన్ని చాలామంది "బహుమతి ఆనందాన్ని చంపుతుంది" అని చెబుతారు. నేను ఒప్పుకోను. రెండో జట్టును చూడు! వాళ్లకూ అదే రిబ్బను, అదే పత్రం. వాళ్ల ఇష్టం తగ్గలేదు. తేడా అంతా ముందే చెప్పడంలో ఉంది. గీత గీస్తున్నంతసేపూ ఆ పిల్లల చూపు కాగితం మీద లేదు, కాగితం అవతల ఉన్న రిబ్బను మీద ఉంది.

ఇది చదివాక నా బల్ల సొరుగు తెరిచాను. అందులో ఏమున్నాయనుకున్నావు? కథాసంగ్రహాలు. ఆరేళ్లుగా నేను ఏ నవల మొదలుపెట్టినా, ముందు పన్నెండు పేజీల సంగ్రహం పంపాలి. ఎవరు ఎవరిని మోసం చేస్తారు, ఏ భాగం ఎక్కడ ఆగుతుంది, చివరికి ఎవరు మిగులుతారు, అన్నీ. దానికి ఆమోదం రావాలి, బయానా అందాలి, అప్పుడు రాయాలి. మొదట్లో ఇది భద్రతగానే అనిపించింది. కానీ ఆలోచించు, పొడుపుకథకు విడుపు ముందే విని, ఆరు నెలలపాటు బుర్ర గోక్కుంటున్నట్టు కూర్చోవడం ఎలా ఉంటుందో! చిన్నప్పుడు నేను కథలు రాసింది ఏదో చెప్పాలని కాదు, ఏమవుతుందో తెలుసుకోవాలని. నువ్వు చదివే కంటే ముందు నేనే చదవాలని. ఆ ఆత్రమే నా చేతుల్లోంచి జారిపోయింది.

సరే, ఇప్పుడు అసలు సంగతి.

రెండు నెలల క్రితం ఒక రాత్రి, పాత ప్రూఫు కాగితాలు తిరగేసి, వెనకవైపు పెన్సిలుతో ఒక వాక్యం రాశాను. చూపు లేని తండ్రి, కూతురి భుజం మీద చెయ్యి వేసి మెట్లు ఎక్కుతున్నాడు. ఆమె పైకి వినబడేలా లెక్కపెడుతోంది. చిన్నప్పటి నుంచి ఆ ఇంటికి పదిహేడు మెట్లు. ఒకటి, రెండు, మూడు అంటూ రాసుకుంటూ పోయాను. పై మెట్టు దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి "పద్దెనిమిది" అని రాసింది. తండ్రి ఆగాడు. "ఈ మెట్టు ఎప్పుడు కట్టారమ్మా?" అన్నాడు.

పెన్సిలు కింద పెట్టేశాను. ఎందుకు పద్దెనిమిది? నాకు తెలియదు! ఎన్నేళ్లయిందో ఇలా తెలియక కూర్చొని. గుండె దడదడలాడింది, నిజంగానే.

తొమ్మిది రోజులు ఆ మెట్టు వెంట పడ్డాను. దయ్యం కథేమోనని ఒక పూట, ఇల్లు బాగు చేయించారేమోనని ఒక పూట. కూతురే తప్పు లెక్కపెట్టిందంటే సరిపోతుంది గాని, అది చప్పటి జవాబు. పదో రోజు పొద్దున ముఖం కడుక్కుంటుంటే తెలిసింది. మెట్లు ఎప్పుడూ పద్దెనిమిదే. తొమ్మిదో మెట్టు మీద వాళ్ల అమ్మ సాయంత్రాలు కూర్చొనేది. ఆమె పోయిన నాటి నుంచి పిల్ల ఆ మెట్టు ఎక్కింది గాని లెక్కపెట్టలేదు. ఇన్నేళ్ల తర్వాత ఇవాళ ఆ మెట్టు మీద నోరు తెరిచి "తొమ్మిది" అంది. అంతకంటే గొప్ప సంగతి ఏమిటంటే, తండ్రి కాళ్లకు మొదటి నుంచీ తెలుసు. ఆయన అడిగింది తెలియక కాదు.

తడి ముఖంతోనే వచ్చి కూర్చున్నాను. ఆ చోట మొదట, "అమ్మ గుర్తొచ్చిందా, అని అడిగాడు తండ్రి" అని రాశాను. కొట్టేశాను. "తండ్రి నవ్వాడు" అన్నాను. అదీ కొట్టేశాను. ఆ ఒక్క వాక్యం దగ్గర గంటన్నర గడిచింది. ఎవరూ అడగని కథ, ఏ పత్రికా ఎదురుచూడని కథ. చివరికి "ఆమె భుజం మీద ఆయన చెయ్యి తేలికయింది" అని నిలిచింది. ఆ వాక్యం చూసుకొని ఒంటరిగా గదిలో నవ్వుకున్నాను రా. ఇరవై ఏళ్ల వయసులో నవ్వినట్టు.

అగాథా క్రిస్టీ సంగతి అప్పుడు నాకు బాగా అర్థమైంది. డిటెక్టివ్ నవలలతో అంత పేరు వచ్చాక కూడా, ఆవిడ మేరీ వెస్ట్‌మకాట్ అనే మారుపేరుతో 1930 నుంచి 1956 వరకు ఆరు నవలలు రాసింది. వాటిలో శవం ఉండదు, దొంగను పట్టుకోవడం ఉండదు. 1944లో వచ్చిన నవలను మూడు రోజుల్లో రాసేసింది. తనకు పూర్తి తృప్తినిచ్చిన పుస్తకం అదేనని చెప్పుకుంది. పాఠకులు తన పేరు చూసి ఆశించేది ఒకటుంటుంది కదా, ఆ ఆశ లేని చోటు ఒకటి ఆవిడ తనకోసం అట్టిపెట్టుకుంది.

నేను మారుపేరు పెట్టుకోను. వృత్తీ వదలను. ఈ పనంటే నాకు ప్రేమ, దీని మీద బతకడం నాకు గర్వం. కానీ మొన్న ఎడిటర్ గారికి ఫోను చేసి, ఈసారి సగం వరకే సంగ్రహం పంపుతానని, ముగింపు నాకే తెలియదని చెప్పాను. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత, "సగమైనా వివరంగా ఇవ్వండి" అన్నారు. ఒప్పుకున్నట్టే. బయానా తగ్గుతుందట, తగ్గనీ. పొద్దున మొదటి గంట మాత్రం ప్రూఫు కాగితాల వెనకవైపుది. అందులో రాసినది అచ్చుకు వెళ్తే రెండో జట్టు పిల్లాడిలా సంతోషంగా పుచ్చుకుంటాను. వెళ్లకపోతే సొరుగులో ఉంటుంది.

మెట్ల కథ ఈ ఉత్తరంతో పాటు పెడుతున్నాను. పెన్సిలు చెరిగిన చోట సిరాతో దిద్దాను, చదవడానికి ఇబ్బంది ఉండదు. ఉత్తరంలోనే విడుపు చెప్పేశానని తిట్టుకోకు, చెప్పకుండా ఉండలేకపోయాను. తండ్రి చివరి మాట మాత్రం ఇక్కడ రాయలేదు, అది కథలోనే చదువు. నీకు నచ్చని వాక్యం పక్కన ఎప్పటిలాగే అడ్డంగా గీత పెట్టి పంపు. మరో కథ మొదలైంది. ఒకావిడ తాళం వేసిన తలుపు ముందు నిలబడి, లోపలున్న వాళ్లతో మాట్లాడుతోంది. లోపల ఎవరున్నారో ఇంకా తెలియలేదు. ఉత్తరం మడిచి అక్కడికే వెళ్తున్నాను.

నీ మిత్రుడు