ఖండమంతా ఒకే ఆకుపచ్చ రంగా?

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం పిల్లల పేజీలో దక్షిణ అమెరికా మ్యాప్ చూశాను. ఖండమంతా ఒకటే ఆకుపచ్చ రంగు! 28 ఏళ్లు జువాలజీ పాఠం చెప్పినవాణ్ణి, ఊరుకోలేక రాస్తున్నాను.

నియోట్రాపికల్ మండలమంటే, అంటే దక్షిణ, మధ్య అమెరికాల జీవజాల ప్రాంతమంటే, అమెజాన్ అడవి ఒక్కటే కాదు. ఆ అడవిలో చాలాచోట్ల ఏడాదికి 2000 మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. ఆండీస్ కొండలు దాటి పసిఫిక్ తీరానికి వెళ్తే అటకామా ఎడారి. తూర్పు నుంచి వచ్చే తేమగాలిని కొండలు అడ్డుకుంటాయి, అటువైపు హంబోల్ట్ అనే చల్లని సముద్ర ప్రవాహం వాన పడనివ్వదు. పిల్లలకు చెప్పాల్సింది ఇదే కదా.

జంతువుల కథ ఇంకా బాగుంటుంది. ఈ ఖండం కోట్ల ఏళ్లు ఒంటరి దీవిలా ఉండిపోయింది. చెట్లపై మెల్లగా కదిలే స్లాత్, చీమలు తినే యాంట్ ఈటర్, ఒంటిపై పెంకున్న ఆర్మడిల్లో ఆ ఏకాంతంలో పుట్టిన వంశమే. సుమారు 30 లక్షల ఏళ్ల కిందట పనామా దగ్గర ఉత్తర, దక్షిణ అమెరికాల నేల కలిసింది. ఆర్మడిల్లోలు ఉత్తరానికి నడిచాయి. ఉత్తరం నుంచి జాగ్వార్ పూర్వీకులు, లామా పూర్వీకులు దిగి వచ్చాయి. లామా ఒంటెకు చుట్టం. ఆ కుటుంబం పుట్టిందే ఉత్తర అమెరికాలో. ఈ మాట చెప్పినప్పుడల్లా క్లాసులో పిల్లల కళ్లు పెద్దవయ్యేవి.

ఇంకొకటి. తోకతో కొమ్మకు వేలాడే కోతి బొమ్మ కింద ‘ఆఫ్రికా’ అని అచ్చువేశారు. అలా తోకతో వేలాడే కోతులు అమెరికా ఖండాల్లోనే ఉన్నాయి. వచ్చే ఆదివారం దయచేసి సవరణ వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్