క్రిస్మస్‌కి పిల్లలకు రక్తం కూడా ఇవ్వండి

సంపాదకులు గారికి నమస్కారం,

నేను డయాలసిస్ మీద ఉన్నాను, వారానికి 3 సార్లు, ఒక్కోసారి 4 గంటలు మిషన్ దగ్గరే. "నీకే ఒంట్లో బాలేదు, ఈ ఏడాది క్రిస్మస్‌కి ఇవ్వడాలు అవీ ఎందుకమ్మా" అని చర్చిలో పెద్దవాళ్ళు ప్రేమతోనే అంటున్నారు గానీ నాకు అస్సలు మనసొప్పట్లేదు. జబ్బుపడ్డోళ్ళం తీసుకోడానికేనా ఉన్నది? ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) లేని చెయ్యి ఖాళీగానే ఉంటది కదా, దాంతో ఫోన్ పట్టుకుని తెలిసినవాళ్ళందర్నీ అడుగుతున్నా.

అడిగేది రక్తం. డిసెంబర్ రాగానే హోముల్లో పిల్లలకి కేకులు, బొమ్మలు ఇస్తారు, చాలా సంతోషం, కానీ తలసీమియా, అంటే ఒంట్లో రక్తం సరిగా తయారవని పుట్టుజబ్బు ఉన్న పిల్లలకి 2 నుంచి 4 వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే, పండగ అని అది ఆగదు, కేన్సర్ పిల్లలకైతే కీమో మందులతో రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్లేట్‌లెట్స్ పడిపోతాయి, అవి తీసిపెట్టినా 5 రోజులకి మించి నిల్వ ఉండవు. సెలవులకి సిటీ సగం ఊళ్ళకెళ్ళిపోతే ఎవరిస్తారు చెప్పండి? మన హైదరాబాద్‌లోనే తలసీమియా పిల్లలకి రక్తం ఎక్కించే తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఉంది, రెడ్‌హిల్స్‌లో నిలోఫర్ పిల్లల ఆసుపత్రి, ఎంఎన్‌జే కేన్సర్ ఆసుపత్రి ఉన్నాయి.

18 నుంచి 65 ఏళ్ళ మధ్య, కనీసం 45 కిలోలు, ఆరోగ్యం బాగుంటే చాలు. మగవాళ్ళు 90 రోజులకి, ఆడవాళ్ళు 120 రోజులకి మళ్ళీ ఇవ్వొచ్చు. నేనైతే ఇవ్వలేను, అందుకే ఇంతగా అడుగుతున్నా. చర్చి కమిటీల వాళ్ళు క్రిస్మస్ ముందు ఆదివారం ఆరాధన అయ్యాక బ్లడ్ బ్యాంక్ వాళ్ళని పిలిచి క్యాంప్ పెట్టించండి, హాలుంది, జనం ఉంటారు, ఫోన్లు చేసే పని నాకివ్వండి.

– ఒక డయాలసిస్ పేషెంట్, సికింద్రాబాద్