మావయ్య గారి అంబాసిడర్‌ని అప్పుడే అమ్మకురా

రాజోలు,
శనివారం రాత్రి

ఒరేయ్ బావా,

పాత ఇనుం వాడు వచ్చి చూసి వెళ్ళాడు, బేరం కుదిరితే మావయ్య గారి అంబాసిడర్ ఇచ్చేస్తాం అని నిన్న ఫోన్‌లో చెప్పావు. అప్పట్నుంచి నాకు మనసు మనసులో లేదు. ఫోన్‌లోనే నాలుగు మాటలు అందామనుకున్నాను గానీ, ఇది అయిదు నిమిషాల్లో తేలే విషయం కాదని రాత్రి భోజనాలయ్యాక కాగితం తీసుకుని కూర్చున్నాను. తీరిగ్గా చదువు. చదివాక కూడా అమ్మాలనిపిస్తే నేను అడ్డు చెప్పను.

"ఆరేళ్ళుగా కదలని బండి, ఇంకేం పనికొస్తుందిరా" అన్నావు. మొన్న భాద్రపదంలో మా ప్రీమియర్ పద్మిని కారు గురించి ఇక్కడ అందరూ అదే మాట అన్నారు. దాని కథ నీకు పూర్తిగా చెప్పలేదు. ముందు అది విను.

మాది 1984 మోడల్ అని నీకు తెలుసు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించి నరసాపురం తీసుకెళ్ళేవారు నాన్నగారు. 96 నవంబరు తుపానులో పశువుల పాక కూలి దాని టాప్ మీద పడితే, సొట్ట తీయించి రంగు వేయించి మళ్ళీ నడిపారు. ఆయన పోయాక నేనే చూసుకుంటున్నాను. ఈ వర్షాల్లో ఒకరోజు తాళం తిప్పితే 'టక్' మని ఒక్క చప్పుడు, అంతే. మళ్ళీ తిప్పితే మళ్ళీ టక్. ఒక్కోసారి ఇంజన్ సగం చుట్టు మూలిగి ఆగిపోయేది. మా కొబ్బరితోటలో దింపు తీస్తున్న కుర్రాళ్ళని పిలిచి నలుగురం తోస్తే వెంటనే అందుకుంది.

తోస్తే అందుకుంది అన్న ఆ ఒక్క మాటలోనే చాలా సంగతి ఉందిరా. తోస్తే స్టార్ట్ అయిందంటే పెట్రోలు వస్తోంది, దాన్ని అంటించే నిప్పురవ్వ సామాన్లు, అంటే కాయిల్, పాయింట్లు, ప్లగ్గులు పని చేస్తున్నాయి అని అర్థం. లోపం ఇంజన్ని తిప్పే సెల్ఫ్ మోటారు దగ్గరో, దానికి కరెంటు వెళ్ళి వచ్చే దారిలోనో ఉండాలి. కానీ అప్పుడు నాకు ఆ ఆలోచన రాలేదు. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. బ్యాటరీ పోయింది అన్నాడు, కొత్తది వేయించాను. రెండు రోజులకి మళ్ళీ అదే టక్. సెల్ఫ్ మోటారు పోయింది అన్నాడు, విప్పించి బుష్‌లు, కార్బన్లు మార్పించాను. మళ్ళీ టక్. ఆ తర్వాత కార్బురేటర్ కూడా విప్పుతానన్నాడు. సెల్ఫ్ తిరగకపోవడానికీ కార్బురేటర్‌కీ సంబంధం ఏమిటని అడిగితే సమాధానం చెప్పలేదు. పదివేల పైన ఖర్చయింది, నెల రోజులు పోయాయి. డబ్బు కంటే, నాన్నగారి బండిని చూడకుండానే విప్పేస్తున్నారన్న బాధ నాకు ఎక్కువగా ఉండేది. ఇంటికి తెచ్చేసి షెడ్డులో పెట్టేశాను.

ఒక ఆదివారం పొద్దున్న మళ్ళీ తాళం తిప్పి చూస్తున్నాను. పదిసార్లు కొట్టి ఉంటాను. ఎందుకో డాష్‌బోర్డు మీది చోక్ పుల్ల లోపలికి నొక్కుదామని చెయ్యి వేస్తే చురుక్కుమంది. బానెట్ ఎత్తి కార్బురేటర్ దగ్గర చోక్ కేబుల్ పట్టుకుంటే అక్కడా వేడే. ఇంజన్ ఒక్క చుట్టు కూడా తిరగలేదు, చల్లగా ఉంది. మరి ఆ సన్నటి తీగ ఎందుకు కాలుతోంది?

అక్కడే కూలబడి ఆలోచించాను. బ్యాటరీ ప్లస్ నుంచి బయల్దేరిన కరెంటు లావు వైరులో సెల్ఫ్‌కి వెళ్తుంది, అక్కడ పని చేసి మళ్ళీ మైనస్‌కి తిరిగి రావాలి. ఇంజనేమో రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది, బాడీకి సరిగా తగలదు. అందుకని ఇంజన్‌కీ బాడీకీ మధ్య అల్లిన రాగి పట్టీ ఒకటి బిగిస్తారు. అదే ఎర్త్. సెల్ఫ్ తాగే కరెంటు వంద ఆంపియర్ల పైమాటే. ఆ పట్టీ పాడైతే కరెంటు ఊరుకోదు కదా, దొరికిన దారి వెతుక్కుంటుంది. పెద్ద కాలువకి ఎక్కడో అడ్డుపడితే నీళ్ళన్నీ పిల్లబోదెల మీద పడి గట్లు తెంపేస్తాయి చూడు, అలాగ. ఇంజన్‌నీ బాడీనీ కలుపుతున్న మిగతా ఇనుము ఆ చోక్ కేబులే. కరెంటు దాన్ని పట్టుకుంది.

వోల్టులు కొలిచే మల్టీమీటర్ తెచ్చాను. నువ్వు కూడా ఒకటి కొను, అయిదారొందల్లో వస్తుంది, మెకానిక్ దగ్గరికి ఒక్క ట్రిప్పు తగ్గినా దాని ఖర్చు వచ్చేస్తుంది. ఇంజన్ స్టార్ట్ అయిపోకుండా కాయిల్ సన్న వైరు పీకేసి, మా అమ్మాయిని సీట్లో కూర్చోబెట్టి, నేను చెప్పినప్పుడల్లా తాళం తిప్పమన్నాను. ముందు బ్యాటరీ రెండు టెర్మినల్స్ మధ్య చూశాను. తాళం తిప్పినప్పుడు కూడా 11.9 వోల్టులు. అంటే బ్యాటరీ దివ్యంగా ఉంది. సెల్ఫ్ తీసుకోవలసినంత కరెంటు తీసుకోవడం లేదు. తర్వాత మీటరు ఒక పుల్ల మైనస్ మీద, రెండోది బాడీ మీద పెట్టి చూస్తే 0.1. అది కూడా మంచిదే. ఆఖరికి రెండో పుల్ల ఇంజన్ బ్లాకు మీద పెట్టి "తిప్పమ్మా" అన్నాను. అంకె ఎగిరి 5.6 దగ్గర నిలబడింది. ఉన్న 12 వోల్టుల్లో దాదాపు సగం ఆ పట్టీ దగ్గరే పోతోంది బావా! అక్కడ అర వోల్టు పోయినా ఎక్కువే. నా గుండె ఎంత కొట్టుకుందో చెప్పలేను. ఒళ్ళంతా వెతికించుకుంటున్న రోగికి నొప్పి ఎక్కడో దొరికినట్టయింది.

తాటి దుంగలు పెట్టి బండి లేపి కిందికి దూరాను. (జాకీ ఒక్కటే నమ్ముకుని ఎప్పుడూ బండి కిందికి వెళ్ళకు. ఈ మాట నాకోసం గుర్తు పెట్టుకో.) పట్టీ పైకి బాగానే కనిపించింది. పానా వేసి విప్పితే కింద అసలు రంగు బయటపడింది. బోల్టు కింద ఎర్రటి తుప్పు పొరలు పొరలుగా, రాగి అల్లికంతా పచ్చటి పొడి. వేలితో నలిపితే తీగలు పుటుక్కున తెగిపోయాయి. మన ఊళ్ళో గాలి నీకు తెలియందా, ఆరు నెలలు తేమ, సముద్రం వైపు నుంచి ఉప్పుగాలి. హైదరాబాదులో ఇరవై ఏళ్ళు ఉండే పట్టీ ఇక్కడ అందులో సగం ఉండదు. కొత్తది రెండొందలు కూడా కాలేదు. బోల్టు బిగించే చోట రంగు, తుప్పు అంతా గరుకు కాగితంతో తెల్లటి ఇనుము కనపడేదాకా గీకి, పట్టీ బిగించాక పైన గ్రీజు రాశాను. మళ్ళీ మీటరు పెడితే 0.2. కాయిల్ వైరు తగిలించి తాళం తిప్పితే గిర్రున తిరిగి అందుకుంది. మా అమ్మ లోపల్నుంచి "నాన్నగారి బండి చప్పుడేనా అది" అంటూ వచ్చింది. ఆవిడ చేతిలో చాట అలాగే ఉండిపోయింది.

తర్వాత గుర్తొచ్చింది, ఆ నెలంతా హెడ్‌లైట్లు బ్రహ్మాండంగా వెలిగేవి, తాళం తిప్పినా మసకబారేవి కావు. వాటి ఎర్త్ బాడీకే కాబట్టి వాటికి లోటు లేదు. లైట్లు మసకబారి ఇంజన్ తిరగకపోతే బ్యాటరీ బలహీనమైందనో, సెల్ఫ్ పట్టేసిందనో అనుమానించాలి. లైట్లు వెలుగుతూనే 'టక్' మంటే కరెంటు దారిలో వెతకాలి. సామాను మార్చే ముందు ఈపాటి చూసుకుంటే నా పదివేలు మిగిలేవి.

ఇక మావయ్య గారి బండి. 1978 మార్క్ 3, ఒకే ఇంట్లో ఉన్న బండి, ఇంజన్ మార్చలేదు, చాసిస్ మీద దెబ్బ లేదు. అలాంటివి ఎన్ని మిగిలాయి చెప్పు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బండిని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు, నంబరులో వీఏ అని వస్తుంది. నీ బండికి 2028లో ఆ వయసు వస్తుంది. ఇప్పుడు కిలోల లెక్కన తూకం వేయిస్తావా? కంపెనీ 2014లోనే తయారీ ఆపేసింది నిజమే. కానీ విజయవాడ ఆటోనగర్‌లో అడిగితే అంబాసిడర్ సామాన్లు ఇప్పటికీ దొరుకుతాయి.

సంక్రాంతికి వస్తావుగా. చించినాడ వంతెన దాటితే పాలకొల్లు ఎంతసేపు, భోగి అయిన మర్నాడే నేను మీ ఇంటికి వచ్చేస్తాను. అప్పటిదాకా ఎవరైనా ఉత్సాహపడి కొత్త బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టబోతే వద్దని గట్టిగా చెప్పు. ఆరేళ్ళు నిలబడ్డ ఇంజన్లో పిస్టన్ రింగులు సిలిండర్లకి పట్టేసి ఉండవచ్చు. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కో దాంట్లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి, ఒక రోజంతా నాననిచ్చి, అప్పుడు స్టార్టింగ్ హ్యాండిల్‌తో చేత్తో మెల్లిగా తిప్పాలి. మొండికేస్తే బలవంతం చేయకూడదు, ఇంకో రోజు నానబెట్టాలి. ట్యాంకులో పాత పెట్రోలు చుక్క లేకుండా దింపేయాలి. అది ఈపాటికి జిగురై ఉంటుంది.

అసలు ఇంజన్ కంటే ముందు నేను చూసేది బ్రేకులు. నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, వీల్ సిలిండర్ల లోపల తుప్పు పట్టి పిస్టన్లు బిగుసుకుపోతాయి. రబ్బరు కిట్లు, హోసులు, ఆయిల్ మొత్తం కొత్తవి వేసేదాకా బండిని గేటు దాటనివ్వను. ఈ ఒక్క విషయంలో ఖర్చుకి వెనకాడొద్దు.

మిగతావి చిన్న పనులు. పాయింట్లు సన్నటి ఎమెరీతో రుద్ది వాటి సందు 0.38 మిల్లీమీటర్ల దగ్గర, ప్లగ్గుల సందు 0.64 దగ్గర పెడితే చాలు. ప్లగ్గు వైర్లు పీకే ముందు ఫోటో తీసుకుందాం, తిరిగి పెట్టేటప్పుడు సిలిండర్లకి నిప్పురవ్వ అందే 1-3-4-2 వరస తప్పకూడదు. ఎలుకలు వైర్లు కొరికి, బానెట్ కింద పీచుతో గూళ్ళు కట్టి ఉంటాయి, మా ఇంట్లో ఏటా ఇదే గొడవ. ఇంకోటి, ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటోంది. పాత రబ్బరుకి అది పడదు. నా బండిలో పెట్రోల్ పంపు లోపలి రబ్బరు పొర, డయాఫ్రమ్, మెత్తబడి కారిపోయింది, ఇంజన్ మీద పెట్రోలు కారడమంటే ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. నీ బండికి పైపులు, డయాఫ్రమ్ ఇథనాల్‌ని తట్టుకునే రకం ముందే వేసేద్దాం. ఇథనాల్ తేమని కూడా లాగుతుంది, అందుకని నెలల తరబడి నిలబెట్టకుండా వారానికోసారి నడపాలి. నేను ప్రతి ఆదివారం అంతర్వేది దాకా వెళ్ళి వస్తున్నాను. వచ్చాక బండి కింద మంచినీళ్ళు కొట్టి ఉప్పు కడిగేస్తాను.

నువ్వు హైదరాబాదులో ఉంటే వారం వారం ఎవరు నడుపుతారు అంటావు. నేను నడుపుతాను. మాట ఇస్తున్నాను. వచ్చే మాఘంలో అంతర్వేది తీర్థానికి రెండు బళ్ళూ కలిపి తీసుకెళ్దాం, అత్తయ్య గారిని ముందు సీట్లో కూర్చోబెట్టి. మావయ్య గారు బతికుండగా ఆవిడ ఎప్పుడూ అక్కడే కూర్చునేవారు.

రేపు పొద్దున్నే ఆ పాత ఇనుం వాడికి ఫోన్ చేసి వద్దని చెప్పు. ఇంకో పని, డిక్కీలో స్టెపినీ పక్కన స్టార్టింగ్ హ్యాండిల్ ఉండాలి, గోనెసంచిలో చుట్టి ఉండేది. ఉందో లేదో అత్తయ్య గారిని ఒక్కసారి చూడమను. లేకపోతే ఇప్పుడే ఆటోనగర్‌కి చెప్పి తెప్పిస్తాను.

నీ
రాజోలు బావ