న్యాయశాఖ మంత్రి గారికి: 22ఏ సెక్షన్ ఒక రైతుకి దొరికేలా పెట్టించండి

మంత్రి గారికి నమస్కారం సార్,

ప్రకాశం జిల్లాలో నాదొక చిన్న నెట్ సెంటర్. ఈసీలు, అడంగళ్ళు, 1బీలు లాంటి భూమి కాయితాలు ప్రింట్ తీసిస్తుంటాను. పోయిన నెల ఒక పెద్దాయన వచ్చి "నా పొలం 22ఏలో పడిందంట, రిజిస్ట్రేషన్ కాదంట, ఆ 22ఏ అనే చట్టం కాయితం తీసియ్యి నాయనా, మా మనవడి చేత చదివించుకుంటా" అన్నాడు. 22ఏ అంటే రిజిస్ట్రేషన్ చెయ్యకూడని ఆస్తులేవో చెప్పే సెక్షన్. ఇదేం పెద్ద పని అనుకుని రిజిస్ట్రేషన్ చట్టం 1908 పీడీఎఫ్ ఒకటి దించితే అందులో 22 అయిపోగానే 23 వచ్చేసింది, 22ఏ అన్నదే లేదు. ఆయనేమో ఎదురుగా కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు.

రాత్రి దాకా వెతికితే అప్పటికి అర్థమైంది. రిజిస్ట్రేషన్ చట్టం కేంద్రానిదే కానీ ఆ విషయం కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేసుకోగల ఉమ్మడి జాబితాలో ఉంది కాబట్టి రాష్ట్రాలు కూడా సవరించుకోవచ్చు, ఇప్పుడు మనకున్న 22ఏ 2007లో మన అసెంబ్లీ చేసిన సవరణ. అంటే అసలు చట్టం ఒక చోట, మన సవరణ ఇంకో చోట. స్టాంపు చట్టం కూడా అంతే, 1899 నాటి కేంద్ర చట్టం, మనం కట్టే రేట్లు మాత్రం రాష్ట్రం పెట్టుకున్న షెడ్యూల్ 1-ఏలో ఉంటాయి. ఈ సంగతి వకీళ్ళకి తెలుసు, పొలం ఉన్నవాడికి తెలీదు.

తీరా దొరికాక చదివితే అందులో ఆయనకి పనికొచ్చేవి చాలా ఉన్నాయి సార్. నిషేధ ఆస్తులు ఏ నుంచి ఇ దాకా అయిదు రకాలు, ప్రభుత్వ భూమి వేరు, దేవాదాయ, వక్ఫ్ వేరు, సీలింగ్ మిగులు, అంటే పరిమితికి మించి ఉందని తేల్చిన భూమి, వేరు. చివరిదైన ఇ కింద పెట్టాలంటే గెజిట్ నోటిఫికేషన్ ఉండాలి, దాన్నించి తీసెయ్యమని ప్రభుత్వానికి అర్జీ పెట్టుకునే దారి కూడా ఆ సెక్షన్లోనే ఉంది. ఆ పెద్దాయనకి తన పొలం ఈ అయిదింటిలో దేని కింద పడిందో ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు, అడగాలని ఆయనకీ తెలీదు, "22ఏ" అన్న ఒక్క మాట పట్టుకుని తిరుగుతున్నాడు.

అసైన్డ్ భూములదీ, అంటే పేదలకి ప్రభుత్వం ఇచ్చిన భూములదీ, ఇదే కథ. 1977 చట్టం వెతికితే ముందు పాత పాఠమే వస్తుంది, అమ్మకూడదు అని. భూమి మొదట పొందిన లబ్ధిదారుకి ఇచ్చి 20 ఏళ్ళు దాటితే హక్కులిస్తూ 2023లో సవరణ వచ్చింది కదా, అది విడిగా వెతుక్కోవాలి, రెండూ పక్కపక్కన పెట్టి ఏ లైను పోయింది ఏ లైను వచ్చింది అని మనమే కలిపి చదువుకోవాలి. అలా ప్రభుత్వం ఇచ్చిన భూమికి డీకేటీ పట్టా ఉన్న మనిషి ఇదంతా ఎలా చేస్తాడు సార్? 2024 ఎన్నికలప్పుడు ల్యాండ్ టైట్లింగ్ చట్టం మీద ఊరంతా కొట్లాడుకున్నారు, నా షాపులోనూ గొడవలే, కానీ ఒక్కరి చేతిలో కూడా ఆ చట్టం లేదు, అందరి దగ్గరా వాట్సాప్ మెసేజులే. తర్వాత అది రద్దయింది కూడా.

కేంద్రం నడిపే ఇండియా కోడ్ సైట్లో కేంద్ర చట్టాలూ రాష్ట్ర చట్టాలూ ఉచితంగా పెట్టడం మంచి పని, కాదనను. జీవోల సైటు కూడా 2021 ఆగస్టులో ఆపేసినదాన్ని 2024 ఆగస్టులో మళ్ళీ మొదలుపెట్టారు, సంతోషం. కానీ చాలా జీవోలు స్కాన్ చేసిన ఫొటోలు, పాత తెలుగు ఫైళ్ళు "అను" అనే పాతకాలం ఫాంట్లలో ఉంటాయి, గూగుల్లో ఒక్క ముక్క పట్టదు.

మేమడిగేది ఇది. మన రాష్ట్రంలో అమలయ్యే ప్రతి భూమి చట్టం, కేంద్రానిదైనా మనదైనా, సవరణలన్నీ కలిపేసిన ఒకే పాఠంగా, ఏ తేదీ వరకు సరిచేశారో పైన రాసి, గూగుల్లో వెతికితే దొరికే యూనికోడ్ తెలుగులో పెట్టించండి. బ్రిటన్ వాళ్ళ చట్టాల సైట్లో చాలా చట్టాలకి ఫలానా తేదీన ఎలా ఉండేదో కూడా కనపడుతుంది. మనకీ అది కావాలి, 2005లో కొన్న పొలం గొడవకి ఇవాళ్టి చట్టం ఒక్కటే చాలదు. తెలుగు పాఠానికి విలువేంటి అనేవాళ్ళుంటారు, కేంద్ర చట్టాలని రాష్ట్రపతి అధికారంతో ప్రాంతీయ భాషల్లో ప్రచురిస్తే వాటిని అధికారిక పాఠంగానే చూడాలని 1973లోనే చట్టం ఉంది. సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ కూడా స్థానిక భాషని లెక్కలోకి తీసుకోమంటుంది. జనానికి తెలియజెయ్యని చట్టంతో మనిషిని శిక్షించకూడదని 1951లో హర్లా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, జైపూర్ నల్లమందు చట్టం అసలు ప్రచురించనే లేదని శిక్ష కొట్టేసింది. మన చట్టాలు ప్రచురించినవే, నిజమే, కానీ ఆ పెద్దాయనకి అది దొరకలేదు కదా సార్.

అన్నీ ఒకేసారి కుదరకపోతే ముందు ఈ రెండూ పెట్టించండి, 22ఏ సెక్షన్, అసైన్డ్ భూముల చట్టం. పెట్టిన రోజునే ప్రింట్ తీసి షాపు తలుపుకి అంటిస్తాను, పెద్దాయనకి ఒక కాపీ ఇంటికి తీసుకెళ్ళి ఇస్తాను.

ఇట్లు,
ఒక నెట్ సెంటర్ నడుపుకునేవాడు